కరెంటు పోయినప్పుడు వినే పిల్లాడు

నేను ఆడియాలజిస్టుని, స్పీచ్ థెరపిస్టుని. కోస్తా జిల్లాల్లో ఒక పట్నంలో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళు, ఏడాది దాటినా మాట రాని పిల్లలు, వాళ్ళని చంకనెత్తుకుని వచ్చే తల్లులు, నాయనమ్మలు, రోజూ నేను చూసేది వీళ్ళనే. వాళ్ళలో ఒక బాబు గురించి ఇక్కడ రాస్తున్నాను. అతని విషయంలో మొదట పొరబడింది నేనే, అందుకే రాస్తున్నాను. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఊరు, కుటుంబ వివరాలు, కొన్ని తేదీలు మార్చాను. పరీక్షల్లో ఏం తేలింది, ఏ నిర్ణయం తర్వాత ఏది తీసుకున్నాం అన్నది మాత్రం ఉన్నదున్నట్టు రాశాను.

నేపథ్యం

బాబు రెండో కాన్పు. అక్కకి అప్పటికి నాలుగేళ్ళు, గలగలా మాట్లాడుతుంది. తల్లిదండ్రులది మేనరికం కాదు. రెండు వైపులా చిన్నప్పటి నుంచి చెవుడు ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. బాబు 34 వారాలకే పుట్టాడు, బరువు 1.9 కిలోలు. తల్లిది ఓ గ్రూపు, బాబుది బి. రెండో రోజుకే ఒళ్ళు పచ్చబడింది.

5 నెలల వయసులో పిల్లల డాక్టరుగారు వినికిడి పరీక్ష చేయించుకోమంటే తల్లి, నాయనమ్మ నా దగ్గరికి తీసుకొచ్చారు. బాబు ఒడిలో నిద్రపోతున్నాడు. ఓఏఈ చేశాను. చెవిలో పెట్టిన చిన్న మెత్తటి ప్రోబ్ సన్నటి శబ్దాలు పంపుతుంది. లోపలి చెవిలో, కాక్లియాలో ఉండే బయటి వరస కేశకణాలు బాగుంటే వాటికి బదులుగా ప్రతిధ్వనిలాంటి శబ్దం పుడుతుంది. ప్రోబ్‌లోని మైకు దాన్ని పట్టుకుంటుంది. నిద్రపోయే బిడ్డకి ఒక్కో చెవికి అర నిమిషం చాలు. రెండు చెవులూ పాస్.

పుట్టినప్పుడు ఏమైనా ఇబ్బంది వచ్చిందా అని అడిగాను. "కామెర్లొచ్చాయి డాక్టరమ్మా, లైటు కింద పెట్టారు" అన్నారు నాయనమ్మ. లైటు కింద పెట్టడం చాలామంది పసివాళ్ళకి జరిగేదే. ఫారంలో ఫోటోథెరపీ అని రాసుకుని, వినికిడి బాగుంది, భయం లేదు అని చెప్పి పంపేశాను. ఆసుపత్రిలో ఎన్ని రోజులు ఉంచారు అనే గడి ఖాళీగా వదిలేశాను. డిశ్చార్జి కాగితం అడగలేదు.

ఆ కాగితం నేను చూసింది 9 నెలల తర్వాత. బీరువాలో చీరల కింద పాలిథిన్ కవర్లో భద్రంగా దాచి ఉంచారు. బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం) డెసిలీటరుకి 27 మిల్లీగ్రాములకి చేరితే నాలుగో రోజు రక్తం మార్చారు. 7 రోజులు అమికసిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, అది వినికిడిని దెబ్బతీయగల యాంటీబయాటిక్. పసిపిల్లల ఐసీయూలో 12 రోజులు ఉన్నాడు. ఇందులో ఏ ఒక్కటి నాకు తెలిసినా ఆ రోజు ఓఏఈతో ఆగేదాన్ని కాదు. ఐసీయూలో 5 రోజులు దాటి ఉన్న పిల్లలకి, రక్తం మార్చిన పిల్లలకి ఓఏఈ ఒక్కటే చాలదు, చెవి నరం దాకా పరీక్షించే ఏబీఆర్ చేయాలి అని పసిపిల్లల వినికిడిపై అమెరికాలోని ఉమ్మడి కమిటీ ఎప్పుడో చెప్పింది. అది నేను చదువుకున్నదే. ఓఏఈ కాక్లియా దగ్గరే ఆగిపోతుంది. బిలిరుబిన్ ఎక్కువగా దెబ్బకొట్టేది ఆ తర్వాతి భాగాన్ని, అంటే చెవి నరాన్ని, మెదడు కాండంలో వినికిడి కేంద్రాలని. దెబ్బ తగిలిన చోటుకి చేరని పరీక్ష చేసి, అంతా బాగుందని చెప్పాను.

ఈలోగా ఇంట్లో

3 నెలలకి బాబు ఉంగా ఉంగా అన్నాడు. వినిపించకపోతే ఉంగా ఎలా అంటాడు అని ఇంట్లోవాళ్ళు ధైర్యం చెప్పుకున్నారు. పుట్టు చెవుడు ఉన్న పిల్లలు కూడా మొదటి నెలల్లో ఉంగా అంటారు. తేడా పడేది ఆ తర్వాత, 7 నుంచి 10 నెలల మధ్య, "బాబాబా", "దాదాదా" అని హల్లుతో గుణింతాలు దొర్లించాల్సిన రోజుల్లో. ఈ బాబు అక్కడికి రాలేదు. ఉంగా దగ్గరే ఆగి, క్రమంగా అదీ తగ్గించేశాడు.

8 నెలలకి తల్లికి అనుమానం వచ్చింది. ఇంట్లో చెప్తే, మేడమ్ మిషన్ పెట్టి చూసి బాగుందన్నారుగా అన్నారు అందరూ. నెలలు నిండని పిల్లాడు, అన్నీ ఆలస్యమే అన్నారు. అదీ అబద్ధం కాదు, మెడ నిలపడం, కూర్చోవడం కూడా ఆలస్యంగానే వచ్చాయి. వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకి గాని మాట రాలేదన్నారు. నాలుక మందం అన్నారు. వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాశారు. నాలుక కింద పొర కోయిస్తే మాట వస్తుందని ఎవరో చెబితే అక్కడికీ వెళ్ళబోయి, డబ్బులు సర్దుబాటు కాక ఆగిపోయారు. ఆ పొర వల్ల కొన్ని శబ్దాలు సరిగ్గా పలకకపోవచ్చు గాని, అసలు మాటే రాకపోవడం, పిలిస్తే తిరగకపోవడం దానివల్ల జరగవు.

నా సంతకం ఉన్న ఒక కాగితం ఆ తల్లి అనుమానాన్ని 6 నెలలు నోరెత్తనివ్వలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

14 నెలలకి

వాళ్ళు నేరుగా నా దగ్గరికి రాలేదు. 13 నెలలప్పుడు ఒక పెద్ద ఊళ్ళో బేరా చేయించారు, ఏబీఆర్‌కే ఇంకో పేరు అది. 90 డెసిబెల్స్ దగ్గర కూడా రెండు చెవుల్లో స్పందన లేదు, అతి తీవ్రమైన వినికిడి లోపం అని రిపోర్టు ఇచ్చారు. దాని ప్రకారం బాగా పవరున్న చెవి మిషన్లు పెట్టించారు. బాబు వాటిని పెట్టగానే ఏడ్చేవాడు, పీకి పారేసేవాడు. అక్క ప్లాస్టిక్ బొమ్మ కింద పడేస్తే చాలు ఒళ్ళంతా ఉలిక్కిపడేవాడు. నెల రోజులు తంటాలు పడి, ఇక చేతకాక నా దగ్గరికి వచ్చారు.

తల్లి బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. ఒకటి నాది, పచ్చ రంగులో పాస్ అని. ఇంకొకటి వాళ్ళది, గీతలన్నీ చదునుగా.

"మేడమ్, ఇందులో ఏది నిజం?"

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. ఇంట్లో మీరేం గమనించారు అని అడిగితే ఆవిడ చెప్పిన మాట ఫైల్లో అలాగే రాసుకున్నాను: "ఫ్యాను తిరుగుతుంటే ఎంత పిలిచినా చూడడు మేడమ్. కరెంటు పోతే మాత్రం పిలిస్తే తిరుగుతాడు." ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోయి ఫ్యాను, టీవీ, ఫ్రిజ్ అన్నీ ఆగిపోయినప్పుడు బాబు ఆమె గొంతు వైపు తల తిప్పేవాడట. వినాలనుకుంటే వింటాడు, మొండి అని ఇంట్లో అనుకున్నారు.

ఈ ఒక్క మాటతో రెండు రిపోర్టులకీ పొంతన కుదిరింది. అతి తీవ్రమైన చెవుడున్న పిల్లాడు కరెంటు ఉన్నా పోయినా మామూలు గొంతుకి తిరగడు. మామూలు చెవులున్న పిల్లాడికి ఫ్యాను చప్పుడు అంత అడ్డం కాదు. నిశ్శబ్దంలో వింటూ, చప్పుడులో పూర్తిగా తప్పిపోయే పిల్లాడు, అదీ కామెర్లకి రక్తం మార్చిన పిల్లాడు, ఓఏఈ పాసై బేరా రాని పిల్లాడు అంటే ముందుగా అనుమానించాల్సింది ఆడిటరీ న్యూరోపతిని, అంటే చెవి శబ్దాన్ని పట్టుకున్నా నరం దాన్ని మెదడుకి సరిగ్గా చేర్చలేని జబ్బుని.

"రెండూ నిజమేనమ్మా" అన్నాను. "తప్పు నేను చెప్పిన మాటలో ఉంది. బాబుకి వినికిడి బాగుందని నేను అనకూడదు. చెవి లోపలి ఒక భాగం బాగుందని మాత్రమే అనాలి." నాయనమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇప్పుడైనా సరిగ్గా చూడండమ్మా" అన్నారు.

బేరా మళ్ళీ ఎందుకు చేశాను

పాత బేరాలో క్లిక్ శబ్దాలని ధన, ఋణ దశలు (చెవిపొరని ముందు లోపలికి నెట్టేది, ముందు బయటికి లాగేది) మార్చి మార్చి పంపారు. మామూలుగా అదే మంచి పద్ధతి, అనవసరమైన విద్యుత్ సంకేతాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని గీత శుభ్రంగా వస్తుంది. ఈ బాబు విషయంలో నాకు కావలసింది ఆ కొట్టుకుపోయిన సంకేతమే. కేశకణాలు పనిచేస్తుంటే కాక్లియర్ మైక్రోఫోనిక్ అనే ఒక సంకేతం పుడుతుంది. శబ్దం దశ తిరగేస్తే అదీ తలకిందులవుతుంది. నరం నుంచి వచ్చే అలలు అలా తిరగబడవు. కాబట్టి ఒకసారి ఒకే దశతో, ఇంకోసారి దానికి వ్యతిరేక దశతో విడివిడిగా చేస్తేనే రెండిటినీ వేరు చేయగలం.

ముందురాత్రి ఆలస్యంగా పడుకోబెట్టమని, పొద్దున తొందరగా లేపమని చెప్పాను. అయినా నిద్రపోలేదు. పిల్లల డాక్టరుగారి పర్యవేక్షణలో ట్రైక్లోఫాస్ సిరప్ ఇచ్చాక పడుకున్నాడు. నుదుటి మీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అంటించి, చెవిలో ఫోమ్ పెట్టి 90 డెసిబెల్స్ క్లిక్ పంపాను. మొదటి 4 మిల్లీసెకన్లలో పెద్ద పెద్ద అలలు కనిపించాయి. దశ తిరగేశాను. అద్దంలో బొమ్మలా మొత్తం తలకిందులయ్యాయి. ఆ తర్వాత, నరం దారి నుంచి రావాల్సిన ముఖ్యమైన ఐదో అల ఉండాల్సిన చోట ఏమీ లేదు.

ఇక్కడ తొందరపడకూడదు. ఇయర్‌ఫోన్ తీగల విద్యుత్తు కూడా సరిగ్గా ఇలాగే కనిపించి మోసం చేస్తుంది. మిషన్ని కదిలించకుండా, శబ్దం వెళ్ళే సన్నటి గొట్టాన్ని మాత్రం క్లిప్పుతో నొక్కిపట్టాను. అలలు మాయమయ్యాయి. తీగల విద్యుత్తే అయితే గొట్టం నొక్కినా అలాగే ఉండేవి. రెండు చెవులకీ మూడేసి సార్లు చూశాను. ఓఏఈ మళ్ళీ చేశాను, అదీ ఉంది. ఆడిటరీ న్యూరోపతి అని రాశాను.

తల్లిదండ్రులకి ఎలా చెప్పాలా అని ఆలోచించి భజన సంగతి ఎత్తుకున్నాను. పదిమంది కలిసి తాళం వేస్తే వీధి చివరికి కూడా దరువు స్పష్టంగా వినిపిస్తుంది. ఆ పదిమందే ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్ళు వేస్తే చప్పుడు ఉంటుంది, దరువు ఉండదు. బాబు చెవి నరంలో వేల పోగులు శబ్దాన్ని తీసుకెళ్తున్నాయి గాని తాళం కలవడం లేదు. బేరా మిషన్ వేల క్లిక్కుల సగటు తీసి గీత గీస్తుంది, తాళం కలిసినదాన్నే చూపించగలదు. అందుకే గీత చదునుగా వచ్చింది. శబ్దం అసలు వెళ్ళడం లేదని దాని అర్థం కాదు.

అసలు ఎంత వినిపిస్తోంది?

ఈ జబ్బులో బేరా గీత చూసి వినికిడి ఎన్ని డెసిబెల్సో చెప్పడం కుదరదు. పవరున్న మిషన్లు పెట్టినచోట జరిగిన పొరపాటు అదే. పిల్లాడి ప్రవర్తనని చూసి కొలవాలి. శబ్దం వైపు తల తిప్పితే చీకటి పెట్టెలో లైటు వెలిగి బొమ్మ ఆడే వీఆర్ఏ పరీక్ష పెట్టాను. ఏసీ, ఫ్యాను ఆపేసి, తల్లి ఒడిలో కూర్చోబెట్టి, వారానికొకసారి మూడు సార్లు చేశాను. మొదటి రోజు 50 డెసిబెల్స్‌కి తిరిగాడు, రెండోసారి అదే శబ్దానికి 70 కావలసివచ్చింది. ఇలా రోజుకోలా ఉండటం కూడా ఈ జబ్బు లక్షణమే. మూడు సార్లూ కలిపి చూస్తే 55 నుంచి 65 మధ్య తేలింది. ఓ మోస్తరు కంటే కాస్త ఎక్కువ లోపం. అలాంటి చెవుల్లోకి మా వృత్తిలోవాళ్ళం నెల రోజులపాటు అతి తీవ్రమైన చెవుడుకి పెట్టే శబ్దాన్ని పంపాం. బాబు మిషన్లు పీకేయడంలో మొండితనం ఏమీ లేదు. తనకి చేతనైన పద్ధతిలో నాకు చెప్పిన రిపోర్టు అది.

కొత్త అంకెలకి తగ్గట్టు వేరే మిషన్లు పెట్టాను. వారంలో పీకడం మానేశాడు. మిషన్ లోపల నమోదయ్యే లెక్క ప్రకారం మొదటి వారం రోజుకి 2 గంటలు పెట్టుకున్నాడు, నెల తిరిగేసరికి 8 గంటలకి వచ్చింది.

ఫలించనివి

తర్వాతి 5 నెలల్లో ఏం జరిగిందో కొంచెం వివరంగా రాయాలి, చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే తికమకపడతారు. మిషన్లతో బాబుకి శబ్దం వినపడింది. ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనే ఆరు శబ్దాలని మీటరు దూరంలో నుంచి అంటే ప్రతిదానికీ తల ఎత్తేవాడు. ఇంట్లో అందరూ సంతోషించారు. నేనూ ఆశపడ్డాను. కాని శబ్దం పడటం వేరు, ఆ శబ్దం ఏదో తెలియడం వేరు. బంతి, పాలు, అక్క అనే మూడింటిలో ఏది అన్నా ఒకటే చూపు. మిషన్ శబ్దాన్ని పెంచగలదు, తాళం కలపలేదు. తాళం కలవని చప్పుడు పెద్దదైనా దరువు కాదు.

థెరపీలోనూ మొదట తప్పుదారి పట్టాను. వినికిడి లోపమున్న పిల్లలకి నేను నేర్చుకున్న పద్ధతి, నోరు కనపడనివ్వకుండా, చేతులు ఆడించకుండా, చెవినే వాడనివ్వడం. బాగా వినిపించే మిషను ఉన్న పిల్లలకి అది మంచి పద్ధతే. ఈ బాబుకి చెవి ద్వారా వచ్చేదే చెదిరిపోయి వస్తుంటే, ఉన్న ఇంకొక్క దారిని కూడా నేను మూసేశాను. రెండు నెలలు గడిచేసరికి తల నేలకేసి కొట్టుకోవడం, అక్కని కొరకడం మొదలుపెట్టాడు. కావలసింది చెప్పుకునే దారి లేని పిల్లాడు ఇంకేం చేస్తాడు?

పద్ధతి మార్చాను. ఎదురుగా కూర్చుని, మొహం మీద వెలుతురు పడేలా చూసుకుని, మాటతో పాటు సైగ. పాలు, ఇంకా, అయిపోయింది, రా, నొప్పి, ఈ ఐదింటితో మొదలుపెట్టాం. నాయనమ్మ ఒప్పుకోలేదు. "సైగలు అలవాటైతే ఇక నోరు విప్పుతాడా అమ్మా?" అన్నారు. ఆ భయం నాకు అర్థమైంది, ఎందుకంటే ఒకప్పుడు నాలోనూ ఉండేది. "మామ్మగారూ, వినికిడి బాగున్న పిల్లలు కూడా మాట కంటే ముందు చేత్తోనే టాటా చెప్తారు, చెయ్యి చాపి ఎత్తుకోమంటారు. చెయ్యి మాటకి అడ్డం పడదు, ముందు నడుస్తుంది" అన్నాను. మూడో వారంలో బాబు ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, నాయనమ్మ కొంగు లాగి, ఇంకా అనే సైగ చేశాడట. ఆ మర్నాటి నుంచి ఇంట్లో అందరికంటే ఎక్కువ సైగలు ఆవిడే వాడారు. తల కొట్టుకోవడం తగ్గింది. 19 నెలలకి 14 సైగలు వచ్చాయి. నోటి మాట ఒక్కటీ లేదు.

ఆపరేషన్ దాకా

కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే, నరాన్ని నేరుగా విద్యుత్తుతో లేపే పరికరం) సంగతి తండ్రి మొదటి నెలలోనే అడిగారు. ఆగుదామన్నాను. కామెర్ల వల్ల వచ్చిన న్యూరోపతి కొంతమంది పిల్లల్లో ఏడాది, ఏడాదిన్నర లోపు కొంత కోలుకుంటుంది. తొందరపడి ఆపరేషన్ చేయించాక ఆ అవకాశం ఉండేదేమో అని తర్వాత అనుకోకూడదు. అలాగని గడువు లేకుండా ఆగడమూ తప్పే, భాషకి పునాది పడేది ఈ రెండు మూడేళ్ళలోనే. కాబట్టి ఒక తేదీ పెట్టుకున్నాం. 16 నెలలకి ఒకసారి, 20 నెలలకి ఒకసారి బేరా. రెండోదానిలోనూ మార్పు లేక, మాటల్ని వేరుచేసి గుర్తించడం రాకపోతే ఆపరేషన్.

20 నెలలకి బేరాలో మార్పు లేదు. ఇంకో సంగతి బయటపడింది. కుడి చెవిలో ఓఏఈ పోయింది, మైక్రోఫోనిక్ మాత్రం మిగిలింది. కొంతమంది పిల్లల్లో ఓఏఈ కాలక్రమంలో ఇలా పోతుంది. బాబుని ఎవరైనా ఆ నెలలో మొదటిసారి చూసి, దశలు విడదీయకుండా బేరా చేసి ఉంటే ఆ చెవిలో ఉన్నది న్యూరోపతి అని తెలిసేదే కాదు. అందుకే ఓఏఈ రానంత మాత్రాన న్యూరోపతి కాదు అనుకోకూడదని విద్యార్థులకి మరీ మరీ చెప్తాను.

ఎంఆర్ఐలో చెవి నరాలు రెండు వైపులా ఉన్నాయని తేలింది. ఇది తప్పనిసరి. న్యూరోపతిలా కనిపించే పిల్లల్లో కొందరికి నరమే సన్నగా ఉంటుంది, లేదా ఉండదు, వాళ్ళకి ఇంప్లాంట్ ఫలితం వేరు. న్యుమోకాకల్ టీకాలు పూర్తయ్యాయా లేదా చూశాం, ఇంప్లాంట్ పెట్టిన పిల్లలకి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ముప్పు కొంత ఎక్కువ కాబట్టి.

ఖర్చు ఆరోగ్యశ్రీ కింద. ఫైలు మంజూరు దగ్గర ఆగింది. 60 డెసిబెల్స్ వినిపించే పిల్లాడికి ఇంప్లాంట్ దేనికి అని ప్రశ్న వచ్చింది. న్యాయమైన ప్రశ్నే, మామూలు చెవుడుకైతే నేనూ అదే అడుగుతాను. ఫోన్లో వాదించకుండా రెండు పేజీల ఉత్తరం రాశాను. ఎంత శబ్దం వినిపిస్తోంది అన్నది కాదు, ఏ మాటో తెలుస్తోందా అన్నది ఈ బిడ్డకి కొలత అని. 5 నెలలు రోజుకి 8 గంటలు మిషను పెట్టుకున్న లెక్క, ఆరు శబ్దాల పట్టిక, రెండు దశల్లో తిరగబడిన గీతలు, తల్లి ఫోన్లో తీసిన రెండు వీడియోలు జతచేశాను. ఒక వీడియోలో ఫ్యాను తిరుగుతోంది, ఇంకోదానిలో లేదు. మూడు వారాలకి మంజూరైంది.

23 నెలలకి కుడి చెవికి ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ బల్ల మీదే ఇంప్లాంట్ ఎలక్ట్రోడ్ల ద్వారా నరం స్పందన కొలిచారు, దాదాపు అన్నిటికీ వచ్చింది. ఆ కబురు ఫోన్లో విన్నప్పుడు నాకు ఊపిరాడింది. శబ్దంతో కలవని తాళం విద్యుత్తుతో కలుస్తోంది. ఎలక్ట్రోడు ఒక్కసారిగా పంపే పల్స్ పోగులన్నిటినీ ఒకే క్షణంలో లేపుతుంది. న్యూరోపతి పిల్లల్లో చాలామందికి ఇంప్లాంట్ పనిచేయడానికి కారణం ఇదే.

మూడు వారాల తర్వాత స్విచ్ ఆన్ చేశాం. తండ్రి వీడియో తీయడానికి ఫోను పట్టుకుని నిలబడ్డారు. బాబు ఏడవలేదు, నవ్వలేదు, పిలిస్తే తిరగలేదు. చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంది. దాన్ని నలిపాడు. ఆగాడు. ప్యాకెట్ వంక చూసి మళ్ళీ నలిపాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని, ప్యాకెట్ పొడి పొడి అయ్యేదాకా నలుపుతూనే ఉన్నాడు. తండ్రి నిరాశపడ్డారు, నాన్నా అని పిలిస్తే తిరుగుతాడనుకున్నారు. ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వాడు తనంతట తాను వెతుక్కున్నాడండీ, ఇవాళ్టికి ఇంతకంటే మంచి ఫలితం నాకు అక్కర్లేదు అన్నాను.

తర్వాత 7 నెలలు వారానికి రెండు రోజులు థెరపీ. సైగలు ఆపమని నేను చెప్పలేదు. మాట పట్టు దొరికినకొద్దీ ఒక్కో సైగని అతనే వదిలేశాడు. నాలుగో నెలలో "బాబాబా" మొదలైంది, అంటే 8 నెలల పిల్లాడి దశ. అది మాట కాదని తల్లిదండ్రులకి ముందే చెప్పాను. అదే మనిషికో, అదే వస్తువుకో, మూడు వేర్వేరు సందర్భాల్లో తనంతట వాడితేనే మాటగా లెక్క రాస్తాను. అలా ఫైల్లో ఎక్కిన మొదటి మాట "పో". ఇంట్లోకి వచ్చే పిల్లిని చూసి. స్విచ్ ఆన్ అయ్యాక 7 నెలలు. ఏడాదికి 40 మాటలు దాటాయి, "పాలు వద్దు", "అక్క రా" అని రెండేసి కలపడం వచ్చింది.

ఇప్పుడు నా క్లినిక్‌లో

ఫారం మార్చాను. కామెర్లు వచ్చాయా అనే ప్రశ్న తీసేసి, రక్తం మార్చారా, పసిపిల్లల గదిలో ఎన్ని రోజులు ఉంచారు, ఎన్ని రోజులు ఇంజెక్షన్లు చేశారు అని మూడు విడి ప్రశ్నలు పెట్టాను. డిశ్చార్జి కాగితం చూడకుండా చిన్నపిల్లల పరీక్ష మొదలుపెట్టను. ఇంట్లో మర్చిపోయి వస్తే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపించమంటాను. ఐసీయూ పిల్లలు వస్తే ఓఏఈ పాసైనా సరే, ఆటోమేటెడ్ ఏబీఆర్ చేసే పంపుతాను. ఆ మిషను కొనే స్తోమత లేని చోట పనిచేసే నా తోటివాళ్ళకి చెప్పేది, కనీసం రిపోర్టులో వినికిడి బాగుంది అని రాయకండి. ఓఏఈ వచ్చింది, నరం పరీక్ష జరగలేదు అని రాసి, ఎక్కడ జరుగుతుందో ఆ చోటుకి పంపండి. జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్స కేంద్రాల ద్వారా, జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం కింద పంపించే దారి ఉంది.

రిపోర్టు బాగున్నా, తల్లికి అనుమానం ఉంటే మూడు నెలల్లో మళ్ళీ రమ్మని రాసిస్తాను. పాస్ అన్న కాగితం కింద ఆ వాక్యం అచ్చు వేయించాను. ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఈ బాబు 8 నెలలకే వచ్చేవాడు.

బాబుకి ఇప్పుడు మూడున్నరేళ్ళు. భాష వయసుకి ఇంకా ఏడాది వెనకే ఉంది. నడకలో కొంచెం తూలుడు ఉంది, దానికి ఫిజియోథెరపీ సాగుతోంది. అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. టీచరుగారితో మాట్లాడి, ఫ్యానుకి, కిటికీకి దూరంగా, ఆవిడ మొహం కనిపించేలా ముందు కూర్చోబెట్టించాను. పోయిన నెల క్లినిక్‌లో ఫ్యాను తిరుగుతుండగానే ఆరు శబ్దాల పరీక్ష పెట్టాను. ఐదు తిరిగి చెప్పాడు. స్ దగ్గర తప్పాడు. ఫ్యాను ఆపి మళ్ళీ అంటే అదీ చెప్పాడు. ఎడమ చెవికి కూడా ఇంప్లాంట్ పెట్టించాలా, మిషన్‌తోనే ఉంచాలా అన్నది వచ్చే నెల తల్లిదండ్రులతో కూర్చుని తేల్చుకోవాలి. ఆ రోజుకి ఎడమ చెవి ఒక్కదానికే, ఫ్యానుతో ఒకసారి, ఫ్యాను లేకుండా ఒకసారి పరీక్ష రాసిపెట్టాను.